ముసునూరు తోటలో సముద్రపు తాబేలు

చాట్రాయి మామిడితోటల్లో కాపలా ఉండే వీరయ్య కూతురు సుభద్ర పశువైద్యం చదివింది. విశాఖపట్నంలో సముద్ర జంతువులకు వైద్యం చేసే చిన్న ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం దొరికింది. వలల్లో చిక్కి కాళ్లు తెగిన తాబేళ్లకు కుట్లు వేసేది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్లను తడిగుడ్డలు కప్పి కాపాడేది. ఆ పని తప్ప ఇంకో పని చేస్తానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

1984లో ఆ కేంద్రం మూతపడింది. కోలుకున్న తాబేళ్లను సుభద్ర సముద్రంలో వదిలేసింది. ఈదలేని ఒకదానికి తన చేత్తోనే చివరి ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత ఆమెను విస్సన్నపేట పశువుల ఆసుపత్రిలో వేశారు.

"ఇంటి దగ్గరికొచ్చావు. ఇంకేం కావాలమ్మా?" అన్నాడు వీరయ్య సంబరంగా. సుభద్ర గేదెలకు, మేకలకు శ్రద్ధగానే వైద్యం చేసేది. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు.

మూడేళ్ల తర్వాత ఒక ఎండాకాలం మొదట్లో, నూజివీడు మామిడి వ్యాపారి నారాయణరావు ఆమె కోసం జీపు పంపాడు. పచ్చడికాయల లోడుతో బందరు వెళ్లిన ఆయన, జాలర్ల దగ్గర పెద్ద తాబేలును కొని తెచ్చి, ముసునూరు తోటలోని చెరువులో వదిలాడు. ఆయన తల్లి వెంకాయమ్మ దాన్ని కూర్మావతారమని కొలుస్తోంది. అది తిండి మానేసింది.

సుభద్ర చూసేసరికి తాబేలు ఒక పక్కకు ఒరిగి నీళ్లమీద తేలుతోంది. మునగలేకపోతోంది. ముక్కు నిండా పసుపు.

"ఇది సముద్రంలో బతికేదండీ. ఈ నీళ్లలో ఉంటే చచ్చిపోతుంది."

"ఉప్పు బస్తాలు పోయించమంటారా డాక్టరమ్మగారూ?" అన్నాడు నారాయణరావు.

"వద్దండీ. సముద్రానికి పంపించెయ్యండి."

"తనంతట తాను మన తోటకొచ్చిన దేవుణ్ణి పంపించేస్తే ఎంత కీడు జరుగుద్దో!" అంది వెంకాయమ్మ.

"తనంతట తాను రాలేదమ్మా. లారీలో తెచ్చారు."

ఎవరూ వినలేదు. అయినా సుభద్ర డ్యూటీ అయ్యాక బస్సెక్కి వచ్చి, ముక్కు తుడిచి, ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లేది. ఒకరోజు వెనకకాళ్ల దగ్గర వేళ్లతో తడిమి, వెంకాయమ్మను పిలిచింది.

"దీని కడుపులో గుడ్లున్నాయమ్మా. పెట్టడానికి ఇసుక లేక మోస్తోంది."

వెంకాయమ్మ చేతిలోని కుంకుమ భరిణె కింద పెట్టేసింది. "ముందే ఎందుకు చెప్పలేదే తల్లీ?" అని కొడుకు వైపు తిరిగి, "లారీ తియ్యరా" అంది.

లారీలో గడ్డి మీద తడి గోనెలు పరిచి తాబేలును పడుకోబెట్టారు. సుభద్ర పక్కనే కూర్చుని దారంతా నీళ్లు చల్లింది. గుడివాడ దాటేసరికి దాని ఊపిరి మందగించింది. బందరు ఒడ్డున దింపాక అల ఒకటి వచ్చి మూతిని తాకింది. తాబేలు తల ఎత్తింది. ముందుకాళ్లతో కాస్త జరిగింది. మళ్లీ కదల్లేదు. ఊపిరి ఆగిపోయింది.

సుభద్ర ఏడవలేదు. కడుపు కోసి గుడ్లు తీసి, ఇసుకలో గొయ్యి తవ్వి పాతిపెట్టింది. ఆ ఒడ్డునే చేపలమ్మే లేయా అనే ఆమెను కుక్కలు రాకుండా చూడమని బతిమాలింది.

మే నెలలో సెలవు పెట్టి వెళ్లింది. "ఒక్క కుక్కనీ రానివ్వలేదమ్మా. రోజూ వచ్చి చూసుకున్నాను" అంది లేయా. తవ్వి చూస్తే అన్నీ కుళ్లిపోయి ఉన్నాయి. ఇద్దరూ గొయ్యిని ఇసుకతో పూడ్చారు.

సముద్రం దగ్గరికి బదిలీ అడిగితే కుదరదన్నారు. అప్పట్నుంచి ఏటా చలికాలంలో సెలవు పెట్టి లేయా ఇంటికి వెళ్లి, వలల్లో దెబ్బతిన్న తాబేళ్లకు వైద్యం చేసేది. చాలావరకు చచ్చిపోయేవి. 1989లో ఆమె కుట్లు వేసిన తాబేలు ఒకటి అలల్లోకి వెళ్లిపోయింది. కనబడినంతసేపూ చూసి, సుభద్ర బస్టాండుకు నడిచింది. మరునాడు విస్సన్నపేటలో గొడ్లకు గాలికుంటు టీకాలు వెయ్యాలి.