కోడి దొంగతనం కేసులో మా ఆయన తీర్పు

నలభై అయిదేళ్ళు నిండిన ఏడాది నాకు గౌను వేసుకోవాలనిపించింది. మామూలు గౌను కాదు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట యూరప్ రాణులు వేసుకునేవారే, నేలను ఊడ్చుకుంటూ పోయే మఖ్‌మల్ గౌను, అలాంటిది.

దీనికి కారణం మా ఆఫీసులో పక్క సీటు ఐర్లాండ్ ఆవిడ. నేను అబూ ధాబీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తాను. కారు వెనక్కి తీస్తూ గోడను గుద్దినవాడు, గోడే వచ్చి తనను గుద్దినట్టు రాస్తాడు. అలాంటివి చదివి నమ్మనట్టు జవాబు రాయడమే నా ఉద్యోగం. కరోనా పోయి మాస్కులు తీసేసిన తరువాతి చలికాలంలో ఆవిడ చెప్పింది, దుబాయ్‌లో ఒక పార్కులో పాతకాలపు సంత పెడుతున్నారని. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఆ కాలం వేషాలు వేసుకోవాలట. రాజు ఉంటాడట, కత్తియుద్ధాలు, విదూషకులు ఉంటారట.

"పిల్లలకా?" అని అడిగాను.

"పిల్లలకైతే నేనెందుకు వెళ్తాను?" అంది ఆవిడ.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ దేశంలో మాలాంటి వాళ్ళ సరదాలన్నీ పెద్దమనిషి తరహావే. మాల్‌కి వెళ్ళి ఏమీ కొనకుండా రావడం, ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళి వాళ్ళ సోఫాని మెచ్చుకోవడం. నాకు అర్జెంటుగా ఒక అర్థంలేని పని చెయ్యాలనిపించింది.

బర్ దుబాయ్‌లో గుడ్డ కొని, పక్క సందులోనే ఉన్న టైలర్ దగ్గరికి వెళ్ళాను. జగిత్యాల ఆయన. ఫోన్‌లో బొమ్మ చూసి, "స్కూల్ ప్రోగ్రామా మేడమ్? పాప కొలతలు తెచ్చిన్రా?" అన్నాడు.

"పాపకి కాదు. నాకే."

"మీకా?" టేపు మెడలోంచి తీయబోయి ఆగిపోయాడు. నన్ను ఒకసారి, బొమ్మను ఒకసారి చూశాడు. "డాక్టర్ గిట్ల చెప్పిండా మేడమ్?"

లేదన్నాను. నమ్మలేదు కానీ కుట్టాడు. వారం తరువాత వెళ్తే గౌను అంచు చుట్టూ జానెడు జరీ ఉంది. బొమ్మలో లేదే అంటే, "ఖాళీగుంటే ఏం మంచిగుంటది మేడమ్? ఖలాస్, ఇప్పుడు నిండుగున్నది" అన్నాడు. అలా నేను పైన యూరప్, కింద కంచి అయ్యాను.

ఇక మా ఆయన. ఒక కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్. ఇంట్లో పాల ప్యాకెట్టుకైనా బిల్లు అడిగే మనిషి. "ఈ వయసులో ఇదేంటే? మనవాళ్ళెవరైనా చూస్తే?" అన్నారు. మనవాళ్ళంటే ఆయన ఉద్దేశంలో మా తెలుగు సంఘం అధ్యక్షుడు. ఆ పెద్దాయన ఉగాది వేదిక మీద మైకు పట్టుకుంటే భక్ష్యాలు చల్లారిపోవాల్సిందే. మగవాళ్ళకు పంచె, ఆడవాళ్ళకు చీర అని నియమం పెట్టింది ఆయనే. వెకిలి వేషాల వల్ల జాతి ఎలా నాశనమవుతుందో అరగంట చెబుతారు.

"అక్కడ మనవాళ్ళెందుకుంటారండీ? మీరు దింపి కారులో కూర్చోండి" అన్నాను.

ఆ శనివారం ఆడిట్ ఉందని పొద్దున ఆఫీసుకు వెళ్ళిన మా ఆయన, మధ్యాహ్నం నేరుగా వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. పార్కు దగ్గర కారులో ఉక్కపోసిందో, నా మీద అనుమానమో, కాసేపటికి నా వెనకే లోపలికి వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, టై, మెడలో ఐడీ కార్డు. చుట్టూ ఇనుప కవచాలు, ఈకల టోపీలు. మొత్తం మైదానంలో వింతగా ఉన్నది ఆయనొక్కరే.

మధ్యలో రాజుగారి కొలువు నడుస్తోంది. రాజు బొద్దుగా ఉన్న ఇంగ్లీషాయన. మా ఆయన్ను చూసి సింహాసనం మీంచి లేచాడు.

"ఓ విదేశీయుడా! ఏమిటి నీ వేషం?"

"వేషం కాదండీ. ఫైనాన్స్ మేనేజర్‌ని" అన్నారు మా ఆయన ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

జనం గొల్లుమన్నారు. రాజు చప్పట్లు కొట్టి, "మన రాజ్యానికి న్యాయాధికారి దొరికాడు!" అని ఆయన్ను లాక్కెళ్ళి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు. పారిపోతారనుకున్నాను. కానీ ఎవరైనా కుర్చీ ఇచ్చి ఫైలు చూడమంటే కాదనడం ఆయనకు చేతకాదు.

నేరస్తుణ్ణి తెచ్చారు. అతుకుల బట్టలు, ముఖం మీదికి జారిన గంటల టోపీ, చంకలో బొమ్మ కోడి. రాజుగారి కోడిని దొంగిలించాడని అభియోగం.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "కోడి కొన్న బిల్లు ఉందా?"

"రాజుకి బిల్లేమిటి?" అన్నాడు రాజు.

"బిల్లు లేకపోతే అది మీదేనని రుజువేమిటి? కొనడానికి అప్రూవల్ ఎవరిచ్చారు?"

జనం ఈలలు వేశారు. ఆయన తమాషా చెయ్యడం లేదని వాళ్ళకు తెలియదు. పదహారేళ్ళుగా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, ఇంతవరకు ఒక్కరూ ఈల వెయ్యలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెన్ను నిటారుగా చేసుకుని, "ముద్దాయి టోపీ పైకెత్తాలి" అన్నారు.

టోపీ పైకి లేచింది. కింద ఉన్నది మా తెలుగు సంఘం అధ్యక్షుడు.

"సార్, మీరా..." అని మా ఆయన కుర్చీలోంచి సగం లేచిపోయారు. నాకు జరీ అంచులో దాక్కోవాలనిపించింది.

పెద్దాయన ముఖంలో రంగు ఒక్క క్షణం పోయి వచ్చింది. తరువాత పెదవులు కదపకుండా తెలుగులో అన్నారు: "ఆపకండి సార్. బాగా వస్తోంది. కంటిన్యూ చెయ్యండి."

మా ఆయన కూర్చున్నారు. ఆధారాలు లేనందున కోడి ముద్దాయి దగ్గరే ఉండాలని, అయితే రాజుగారి మనసు నొప్పించినందుకు ముద్దాయి కోడిలా కూస్తూ మైదానం చుట్టి రావాలని తీర్పు చెప్పారు. పెద్దాయన చేతులు రెక్కల్లా ఆడిస్తూ బయల్దేరారు. ఆ కూత మొహమాటపు కూత కాదు. ఏళ్ళ తరబడి వేదికల మీద గొంతు సవరించుకుంటూ దాచిపెట్టుకున్న కూత. వెనక పాతికమంది పిల్లలు, వాళ్ళ వెనక ఇద్దరు కవచధారులు. మా ఆయన నవ్వుతూ ముక్కుతో గురకలాంటి చప్పుడు చేశారు. అలాంటి నవ్వు ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం పార్కింగ్‌లో పెద్దాయన తన కారు డిక్కీ తెరిచి నిలబడి ఉన్నారు. అందులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, టెన్నిస్ బ్యాటు. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టారు.

"టెన్నిస్‌కి వెళ్తున్నానని ఇంట్లో చెప్పొచ్చానమ్మా" అన్నారు నాతో.

"ఎప్పటినుంచి ఆడుతున్నారండీ?" అన్నాను.

"బ్యాటు ఇంకా విప్పలేదమ్మా." నిజమే, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆయన నా గౌను కింది వైపు చూసి, "జరీ బాగుంది" అన్నారు. నా జీవితంలో సంఘం నుంచి అందిన మొదటి ప్రశంస అది. తరువాత మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. "వచ్చేసారి శిక్ష కాస్త పెంచండి సార్. ఒక్క చుట్టుతో సరిపోలేదు."

అబూ ధాబీ దారిలో మా ఆయన రేడియోలో వార్తలు పెట్టుకున్నారు. కోప్పడతారేమోనని నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా ఊరి శివారు ముసఫా దగ్గరపడుతుండగా ఆయన రేడియో ఆపేశారు.

"ముద్దాయికి అప్పీలు అవకాశం ఇవ్వలేదే" అన్నారు దిగులుగా. "అది ప్రొసీజర్ కాదు."