అత్తమ్మ అరచేతిలో గ్రహణం

మా ఆయనకు ఫొటోల పిచ్చి. నేను కారంపూడికి కాపురానికి వచ్చేనాటికే ఆయన దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. గుంటూరులో ఎవరో దొర ఊరు వదిలిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే కొన్నాడట. ఉద్యోగం బడిపంతులు. బడి వదిలాక ఆ డబ్బా మెడకు తగిలించుకుని నాపరాళ్ళ బండ్లనూ, నాగులేట్లో గేదెలు కడిగేవాళ్ళనూ, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలనూ తీసుకుంటూ తిరిగేవాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ నా దగ్గర ఒక రేకుపెట్టె నిండా ఉన్నాయి. ఒక్కదానిలో తప్ప ఇంకెందులోనూ ఆయన లేడు. మా పెళ్ళికి కూడా ఫొటో లేదు.

కారణం ఊరందరికీ తెలుసు. ఆయన పైపెదవి ఎడమవైపు ముక్కుదాకా చీలి ఉండేది. దాన్ని గ్రహణమొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ ఏదైనా కోసినా, విరిచినా, గిల్లినా ఆ గాటు లోపలి బిడ్డకు పడుతుందని మా వైపు నమ్మకం. ఆయన కడుపులో ఉండగా గ్రహణం వేళ మా అత్తమ్మ బీరకాయ కోసిందట. ఈ సంగతి నాకు పెళ్ళికి ముందే మా ఊళ్ళో చెప్పారు, పెళ్ళయ్యాక ఇరుగుపొరుగు చెప్పారు, చివరికి అత్తమ్మే చెప్పింది.

"ఆకలేసిందమ్మా. ఒక్క కాయే కోశా" అంది.

ఆ ఇంట్లో బీరకాయ వండరు. పాదు పెట్టరు. ఎవరైనా తెచ్చిస్తే అత్తమ్మ దాన్ని ముట్టుకోకుండా పక్కింటికి పంపేది. కొత్తలో నాకు నవ్వొచ్చేది. బీరకాయ పచ్చడంటే నాకు ప్రాణం మరి.

ఆయనకు ఫొటోల కన్నా పాత పిచ్చి ఆకాశం. ఒకసారి చందమామను ఫొటో తీస్తే జొన్నగింజంత తెల్లచుక్క వచ్చింది. దాన్ని బడికి తీసుకుపోయి అందరికీ చూపించాడు. నాకేమో ముగ్గుల పిచ్చి. పైన ఉన్న చుక్కలను ఉన్నట్టే వాకిట్లోకి దింపేదాన్ని. పిల్లలకోడి, గొల్లకావడి, మంచంకోళ్ళు అనే చుక్కల గుంపులన్నీ వేసేదాన్ని. మెలికలు లేవు, పద్మాలు లేవు. ఎదురింటి పెద్దమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి, "ఏందే ఈ ముగ్గు? కోడి పెంట చిమ్మినట్టుంది" అనేది. ఆయన మాత్రం డాబా ఎక్కి పైనుంచి ఫొటో తీసేవాడు. ఆకాశాన్ని తీయడం చేతకానివాడికి నా వాకిలే ఆకాశమైంది. మా కాపురంలో మొదటి స్నేహం అక్కడ కుదిరింది.

నాకు ఐదో నెల నడుస్తుండగా సూర్యగ్రహణం వస్తుందన్నారు. యుద్ధం రోజులు, ఫిల్ము దొరకడం గగనం. నరసరావుపేటంతా తిరిగి తెచ్చుకున్న ఒక్క చుట్ట ఆయన దాచి ఉంచాడు. దీపం మసి పట్టించిన గాజుపలకలు వరసగా గోడకు ఆనించాడు. నేనూ ఒక పలక ఎంచుకుని పెట్టుకున్నాను. అత్తమ్మ చూసి దాన్ని తీసి దూలం మీద పెట్టింది.

"నువ్వు గదిలోంచి కదిలేది లేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. చుక్కలను వాకిట్లో వేసేది నేను, గ్రహణం చూసేది మాత్రం ఊరందరూనా! ఆయన దగ్గర పోట్లాట పెట్టుకున్నాను.

"మీరు కూడా ఇదంతా నమ్ముతున్నారా?" అని అడిగాను.

ఆయన కెమెరా గాజు తుడుస్తున్నాడు. "నమ్మను" అన్నాడు. "కానీ అద్దంలో చూసుకున్నప్పుడల్లా అనుమానం వచ్చిద్ది. అందుకే ఆ సూర్యుడి మొహం ఒకసారి చూడాలి. నువ్వు మాత్రం అమ్మ మాట విను. నీకోసం కాదు, ఆమె కోసం."

సరేనన్నాను. పైగా ఊరికే కోపం తెచ్చుకున్నానే గానీ నాకూ లోపల భయంగానే ఉంది. బిడ్డ కడుపులో అప్పుడప్పుడే కదులుతోంది.

ఇంట్లో అన్నిటికన్నా చీకటి గది ఏదని అత్తమ్మ వెతికింది. ఎక్కడో వెతకక్కర్లేదు, ఆయన ఫొటోలు కడుక్కునే గదే. ఒకప్పుడు ధాన్యం పోసుకునే కొట్టు. తూర్పున ఎత్తులో ఉన్న చిన్న కిటికీకి ఆయన చెక్కలు కొట్టేసి, సందులన్నీ గుడ్డపేలికలతో కుక్కేశాడు. అంతకుముందు అత్తమ్మ దాన్ని "బొగ్గుల కొట్టం" అని తిట్టేది. ఆ పూట మాత్రం, "నా కొడుకు ఎంత మంచి గది కట్టాడో" అంది. గ్రహణం ఏ సందునా రాకూడదు, అదీ ఆమె పట్టు.

తెల్లవారుతూనే కుండల మీదా, ఊరగాయ జాడీల మీదా దర్భలు వేసింది. గది గుమ్మానికి కూడా దర్భ కట్టాలంది. మేకు లేదు. "ఆ కిటికీ చెక్కదొకటి పీకరా" అంది. ఆయన కెమెరా సర్దుకునే తొందరలో స్టూలెక్కి ఒక మేకు పీకి గుమ్మానికి కొట్టి, డాబా మీదికి పరుగెత్తాడు. ఆ మేకు ఉన్నచోట ఏం మిగిలిందో ఆయనా చూడలేదు, ఆమె కూడా చూడలేదు.

పడమటి గోడ పక్కన చాప వేసి నన్ను పడుకోబెట్టింది. తలుపు మూసి, పక్కన కూర్చుంది.

"ఎల్లకిలా పడుకో. చేతులు చాపుకో. గోక్కోమాక. చీర మడత కూడా నలపమాక."

గోక్కోవద్దన్న మరుక్షణం ముక్కు మీద దురద మొదలైంది. ఒళ్ళంతా ఎక్కడెక్కడ దురద పెట్టగలదో అక్కడల్లా పెట్టింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని ఏదో జపిస్తోంది. బయట పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. రోలుపక్కన పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు కాబోలు, "నిలబడింది, నిలబడింది" అని అరుస్తున్నారు. లోకమంతా అక్కడ ఉంది, నేను కొట్టంలో ఉన్నాను. ఏడుపొచ్చింది.

కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. అప్పుడు చూశాను. నా తలకు పైన, సున్నం కొట్టిన గోడ మీద, రూపాయి బిళ్ళంత వెలుగు. దానికి ఒక పక్క ఎవరో కొరికినట్టు ఉంది.

కెమెరా ఎలా పనిచేస్తుందో ఆయన నాకు చెప్పి ఉన్నాడు. చీకటి డబ్బాకు సన్నటి బెజ్జం పెడితే బయటిది లోపల తలకిందులుగా పడుతుందని. ఇదంతా ఎలా జరిగిందో నాకు చిటికెలో అర్థమైంది. మేమిద్దరం కూర్చున్న గదే ఒక కెమెరా. మేకు బెజ్జంలోంచి సూర్యుడు తన మొహం తెచ్చి మా గోడకు అంటించాడు. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

"అత్తమ్మా, గోడ మీద చూడు" అన్నాను.

ఆమె చూసింది. గొంతులోంచి సన్నటి కేక వచ్చింది. "లోపలికొచ్చింది! అమ్మో, లోపలికొచ్చింది!"

కిటికీ ఆమెకు అందదు. స్టూలు బయట ఉంది. తలుపు తీస్తే ఇంకా ఎక్కువ గ్రహణం వస్తుంది. కొడుకును పిలిస్తే డాబా మీద వినిపించడం లేదు. పొద్దు పైకెక్కే కొద్దీ గోడ మీది బిళ్ళ మెల్లగా కిందికి జారుతోంది. సూటిగా నా వైపే. పక్కకు జరుగుదామంటే కదలకూడదాయె.

అది గోడ దిగి నా భుజం మీదికి, అక్కడి నుంచి పైట మీదికి వచ్చింది. కడుపు మీదికి వస్తుందనగా అత్తమ్మ తన చెయ్యి అడ్డం పెట్టింది. కొరికిన సూర్యుడు ఆమె అరచేతిలో పడ్డాడు. అది జరిగినంత మేరా తనూ జరుపుతూ, అలాగే పట్టుకుని కూర్చుంది. ఈమెను ఎన్నిసార్లు చాదస్తం మనిషని లోపల లోపల తిట్టుకున్నానో!

"కాలుతుందా అత్తమ్మా?"

"లేదే. ఎచ్చగా కూడా లేదు" అంది.

మొహం దగ్గరికి వంచి చూసింది. ఊరంతా చెప్పుకున్న, తానూ ఇన్నేళ్ళు చెప్పుకున్న ఆ గ్రహణాన్ని ఆమె మొదటిసారి చూడటం అదే. కొరుకుడు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది.

"ఇంతేనా ఇది?" అంది. నన్నడిగినట్టు లేదు.

విడుపయ్యాక ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. సాయంత్రం అదే గదిలో ఫిల్ము కడిగితే పొయ్యి మసి అంటినట్టు ఒక మరక తప్ప ఏమీ రాలేదు. దాచుకున్న ఒక్క చుట్టా పోయింది. అత్తమ్మ చేతిలో పడిన సంగతి నేను చెబితే మొదట పడీపడీ నవ్వాడు. తర్వాత అక్కడే కూర్చుండిపోయాడు. "నేను కెమెరా పట్టుకుని బయట నిలబడ్డా. మీరు కెమెరా లోపల కూర్చుని చూశారు" అన్నాడు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బిడ్డ మొహం మీదికి గుడ్డ లాగింది. దాంతోనే నాకు తెలిసిపోయింది. పైపెదవి, ఎడమవైపు, తండ్రిది ఎలా ఉందో అలాగే.

నేను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను. అత్తమ్మ ఏడవలేదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, చీలికను తన వేలితో మూసి పాలు ఎలా పట్టాలో చూపించింది. "మావాడికీ ఇట్టాగే పట్టా. బాగానే తాగిద్ది, బెంగ పెట్టుకోమాక" అంది. పాప నిజంగానే తాగింది.

పురుడైన వారానికి ఎదురింటి పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. బిడ్డను చూసి, నన్ను చూసి, నిట్టూర్చింది.

"ఏం కోశావే పిల్లా?"

నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏమీ కొయ్యలా! నేను పక్కనే కూర్చున్నా. చెయ్యి కూడా కదపలా నా కోడలు. ఆ గ్రహణం నా అరచేతిలో పడింది, బిడ్డ మీద పడలా. చూశా నేను, ఎచ్చగా కూడా లేదు. అదేం చేసిద్ది? దానివల్ల కాదు, ఎవరో కోస్తేనూ కాదు..."

అక్కడ ఆగిపోయింది. పెద్దమ్మ ఏదో అంటోంది గానీ ఆమె వినడం లేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అత్తమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఒరేయ్... నేను కూడా కాదురా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా" అన్నాడు.

ఆ వారం సంతకు వెళ్ళి అత్తమ్మ బీరకాయలు తెచ్చింది. వాకిట్లో, పట్టపగలు, అందరూ చూస్తుండగా కత్తిపీట వేసుకుని కూర్చుంది. చెక్కు తీసి, కాయ కోసి, చేదో కాదో చిన్నముక్క నాలిక మీద వేసుకుని చూసింది. ఆయన లోపలికి వెళ్ళి కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎక్కడ నొక్కాలో చూపించాడు. పాపను ఎత్తుకుని వాళ్ళమ్మ పక్కన కూర్చుని, ఎప్పుడూ మూతికి అడ్డం పెట్టుకునే కండువా తీసి భుజాన వేసుకున్నాడు.

పెట్టెలో ఆయన ఉన్న ఫొటో అదొక్కటే. నొక్కేటప్పుడు కెమెరా కదిలి కాస్త అలికినట్టు వచ్చింది. అయినా ఆయన పెదవీ, పాప పెదవీ స్పష్టంగానే కనిపిస్తాయి, బీరకాయ కూడా.