లోడు కింద నిలబడే వేషం

షెడ్డులో ఆ మధ్యాహ్నం ఉన్నవి ఇవి: పది టన్నుల క్రేను ఒకటి, దాని కొక్కానికి వేలాడుతున్న రెండు టన్నుల ఉక్కు ప్లేటు ఒకటి, స్టాండు మీద బిగించిన ఫోను ఒకటి. ఉన్నవాళ్లు: పైన క్యాబిన్‌లో క్రేను ఆపరేటరు, కింద ఖలాసీ, నాలుగు పేజీల స్క్రిప్టుతో సేఫ్టీ ఆఫీసరు, చూడ్డానికి పనాపుకొని వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు పదకొండు మంది. ఫోను వెనక నేను.

గాజువాక దగ్గర మాదొక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. బరువులకు స్లింగులు, అంటే ఎత్తే ఉక్కుతాళ్లు, కట్టి, ఆపరేటరుకు చేతి సైగలతో దారి చూపేవాడు ఖలాసీ. మా ఖలాసీకి ఆ పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం. ఆయన కట్టిన లోడు జారగా చూసినవాళ్లు లేరు. నేను డిప్లొమా చేసి చేరి అప్పటికి రెండేళ్లు. బరువు లెక్క కాగితం మీద నేను వేసేవాణ్ని, ఆయన ప్లేటును కంటితో చూసి చెప్పేవాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే దగ్గరగా ఉండేది.

సేఫ్టీ దినానికి పనివాళ్ల కుటుంబాలను కూడా పిలిచి ఒక చిన్న సినిమా చూపించాలని ఆఫీసరుగారి ఆలోచన. కథ సులువు. ఒక తెలివితక్కువ కూలీ హెల్మెట్ తీసేసి లోడు కింద నిలబడి వాగుతాడు. ఒక ఆఫీసరు వచ్చి చెయ్యి పట్టి లాగి, నాలుగు మంచి మాటలు చెబుతాడు. కూలీ ఆయన కాళ్లకు దణ్ణం పెడతాడు. ఆఫీసరు వేషం ఆఫీసరుగారిదే. కూలీ వేషం ఖలాసీకి ఇచ్చారు.

ఇందులో నా తప్పు ఉంది. ఆఫీసరుగారు కూలీ మాటలు మామూలు తెలుగులోనే రాసి నాకిచ్చారు. “కాస్త ఈ ఊరి యాసలోకి మార్చవయ్యా, జనం నవ్వాలి,” అన్నారు. మార్చాను. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. ఇంట్లో ఒక మాట, బయట ఇంకో మాట. అయినా రాయడానికి కూర్చున్నప్పుడు, రెండేళ్లుగా పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషి గొంతు నాకు గుర్తురాలేదు. సినిమాలు గుర్తొచ్చాయి. వాక్యానికొక “ఏటి” దించాను.

ఖలాసీ ఆ కాగితం చదివి నా వైపు చూశాడు.

“ఇది ఎవుల బాస తమ్ముడూ? మా వోల్లు ఎవులూ ఇలగ మాటాడరు.”

అది ఎవరి భాషో ఇప్పుడు చెబుతాను. చిన్నప్పుడు గోపాలపట్నంలో మా పిన్ని ఇంటికి వెళ్లినప్పుడల్లా సినిమాకు వెళ్లేవాళ్లం. తెర మీద ఎవరైనా ఈ యాసలో నోరు తెరిస్తే చాలు, జోకు ఇంకా రాకముందే హాలు నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని. ఆ మనుషులెవరో తర్వాత జాబితా రాసుకున్నాను. వాచ్‌మన్. వంటవాడు. దొంగ వెనకాల తిరిగే రెండో దొంగ. పెళ్లిలో తిండికి ఎగబడేవాడు. డాక్టరు లేడు, ఇంజనీరు లేడు. ఆ యాసలో ఒక్కడూ ప్రేమించలేదు. ఫైటు కోసం మా పోర్టు, పాట కోసం మా బీచి కావాలి. కానీ ఆ బీచిలో నడిచే హీరో మాట మాత్రం ఈ ఊరిది కాకూడదు, రంగు కూడా ఈ ఎండది కాకూడదు.

షూటింగు మొదలైంది. ఆఫీసరుగారు ఖలాసీని పైకీ కిందికీ చూశారు.

“మొహానికి కొంచెం గ్రీజు రాసుకోవయ్యా.”

“ఇంకేటి రాత్తాను సార్? దేవుడు ముందే రాసేసినాడు కదా,” అన్నాడు ఖలాసీ. పదకొండు మందీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“బావా, హీరోవైపోనావ్! రేపట్నుంచి మాతో మాటాడతావా?” అని పై నుంచి ఆపరేటరు అరిచాడు.

“ముందు లోడు సూడు బావా, లోడు సూడు.”

ప్లేటు పది అడుగుల ఎత్తుకు లేచింది. ఆఫీసరుగారు ఖలాసీని దాని కిందికి వెళ్లి నిలబడమన్నారు.

“నాను లోడు కింద నిలబడ్ను సార్.”

“నటనే కదయ్యా. రెండు సెకన్లు.”

“ప్లేటుకి నటన తెల్దు సార్.” గొంతు తగ్గించాడు. “మా పిల్ల వత్తాది సార్ ఆ రోజు. నన్ను ఇలగ సూత్తే దానికెలగుంటాది?”

ఆయన కూతురు పాలిటెక్నిక్‌లో చదువుతోంది. కాలేజీ గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్తే, “నాన్నా, ఇక్కడ నువ్వేం మాట్లాడకు,” అందట, టీవీ యాంకరులాంటి తెలుగులో. అంతకు ముందు వారమే నవ్వుతూ నాకు చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు నవ్వలేదు.

“మీ కాంట్రాక్టు రెన్యువల్ కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి,” అన్నారు ఆఫీసరుగారు, వేరే సంగతేదో చెబుతున్నట్టు.

ఖలాసీ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ప్లేటు వైపు అడుగు వేశాడు.

క్రేను దగ్గర ఒక నియమం ఉంది. ఎత్తు, దించు, కుడి, ఎడమ అనే సైగలు ఖలాసీ ఒక్కడే ఇవ్వాలి. ఆపు అనే సైగ మాత్రం ఎవరైనా ఇవ్వవచ్చు, ఊడ్చే మనిషైనా సరే. ఇచ్చింది ఎవరని అడగకుండా ఆపరేటరు ఆపాలి. నాకది నేర్పింది ఖలాసీయే. నేను ఫోను వదిలేసి ముందుకొచ్చి రెండు చేతులూ బారచాపి ఊపాను.

ఆపరేటరు స్విచ్చి కట్టేశాడు, క్రేను ఆగింది. ఖలాసీ కూడా ఆగాడు.

“ఎవరు ఆపమన్నారు?” అని ఆఫీసరుగారు పైకి చూసి అరిచారు.

“ఎవులైతేటి సార్? ఆపమంటే ఆపడవే,” అన్నాడు ఆపరేటరు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ కూలీ వేషం నేను వేస్తాను. మా ఇంటి తెలుగులోనే మాట్లాడతాను. లోడు కింద ఎవరూ నిలబడనక్కర్లేదు, ఫోను కోణం మారిస్తే కింద ఉన్నట్టే కనిపిస్తుంది. చెయ్యి పట్టి లాగేవాడు ఖలాసీ. రోజూ ఆ పని చేసేది ఆయనే.

“నువ్వు మా కృష్ణా వైపువాడివేగా. నీ మాటకి నవ్వెలా వస్తుందయ్యా?”

“రాదు సార్. అందుకే.”

“ఈయన యాసలో సేఫ్టీ చెబితే ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా?”

“ఇరవై రెండేళ్లుగా తీసుకుంటున్నారు సార్. అందుకే ఇక్కడ అందరికీ కాళ్లూ చేతులూ ఉన్నాయి.”

వెల్డర్లలో ఎవరో ఈల వేశారు. ఇంకొకరు, “కాగితాలు మా అందరియీ పట్టుకెల్లండి సార్,” అన్నారు. సినిమా ఆ సాయంత్రానికే పై ఆఫీసుకు పంపాలి. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు, స్క్రిప్టు మడిచారు. “ఏదో ఒకటి తగలెయ్యండి,” అన్నారు. అది అనుమతి కిందికే వస్తుంది.

నేను స్క్రిప్టు అందిస్తే ఖలాసీ వద్దన్నాడు.

“ఆ కాయితం ఒగ్గెయ్ తమ్ముడూ. నాకొచ్చింది నాను సెప్తాను.”

చెప్పాడు. నా భుజం పట్టి లాగి, హెల్మెట్ నా నెత్తిన పెట్టి, గట్టిగా అరవకుండానే అన్నాడు: “ఒరే, నువ్వెవులో ఆ ప్లేటుకి తెల్దు. నాకు తెలుసు. మీ ఇంట్లో వోల్లకి తెలుసు. ఇటొచ్చీ.” ఒక్క టేకులో అయిపోయింది. కాళ్లకు దణ్ణం పెట్టే సీను తీయలేదు.

సేఫ్టీ దినం రోజు క్యాంటీనులో తెర కట్టారు. ఖలాసీ కూతురు మూడో వరుసలో అమ్మ పక్కన, తల దించుకొని కూర్చుంది. తెర మీద నేను హెల్మెట్ తీసి వాగినంతసేపూ హాలు నిశ్శబ్దంగా ఉంది. ఖలాసీ నోరు తెరవగానే, ఇంకా మాట పూర్తి కాకముందే, వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, నవ్వు ఆగేదాకా అటే చూసింది. తర్వాత తెర వైపు తిరిగింది, మళ్లీ తల దించలేదు.

లైట్లు వేశాక తండ్రి గుమ్మం దగ్గర, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆమె జనం మధ్యలోంచే గట్టిగా పిలిచింది.

“నాన్నా! ఎల్దాం రా. అక్కడేటి సేత్తన్నావ్?”

హాల్లో ఉన్నవాళ్లు నూట పద్దెనిమిది మంది. ఖలాసీ నోరు తెరవగానే నవ్వినవాళ్లు ముగ్గురు.