తోక వెంట్రుక

మాదాపూర్ గుట్టల మీద అద్దాల భవనం లేస్తున్న రోజుల్లో, హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక మా రాళ్లు కొట్టేవాళ్ల బస్తీ రెండు ఏనుగు గున్నలను సాకింది. మూతపడ్డ సర్కసు వాళ్లు తల్లుల్లేని ఆ రెండింటినీ మా దగ్గర వదిలిపోయారు. ఇంటికో మోపు గడ్డి, ఇంటికో కుండ గంజి పోసి పెంచాం. చూడవచ్చేవాళ్లు ఎక్కువయ్యేసరికి గున్నలకు రేకుల షెడ్డు వేసి, గేటు తాళం నాకిచ్చారు. ఎవరైనా సగం తిన్న అరటిపండు పారేస్తే వాళ్లతోనే ఏరించి గంపలో వేయించేదాన్ని. తొక్క కూడా గున్నలకు తిండే.

వచ్చినవాళ్లతో ఒకటే పేచీ. ఏనుగు తోక వెంట్రుకను ఉంగరంలో చుట్టి తొడిగితే పిల్లలకు భయం పోతుందని వాళ్ల నమ్మకం. ఒక ఆదివారం నిజాంపేట నుంచి ఒకాయన ఇద్దరు బావమరదులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఒక్క వెంట్రుకే కదండీ మామ్మగారూ. మా పాప నిద్దట్లో ఉలిక్కిపడి ఏడుస్తోంది."

"పాపను పక్కల పండవెట్టుకో. గంతకు దాని తోకెందుకు? నీ మీసంల ఒక్క ఎంటిక నేను గుంజుత, ఊకుంటవా?"

"ఇచ్చెయ్ బావా, చవకలో పోతోంది," అని చిన్న బావమరిది నవ్వాడు. ఆయన నవ్వలేదు.

నేను నీళ్ల బకెట్ కోసం అటు తిరగగానే ఆయన చిన్న గున్న వెనక్కి పోయాడు. దాని ముందుకాలికి గొలుసుంది. జేబులోంచి పట్టకారు తీసి తోక కొసను పట్టి లాగాడు. వెంట్రుకలతో పాటు తోలు ఊడివచ్చింది.

గున్న అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి. వెనక్కి ఒక్క తన్ను తన్నింది. ఆయన ఇనుప స్తంభానికి కొట్టుకుని పడ్డాడు. మోచేతి కింద ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది.

బావమరదులు గోడకు ఆనించి ఉన్న మావాళ్ల గడ్డపారలు అందుకున్నారు. ఒకడు గున్న తల మీద, ఒకడు మోకాళ్ల మీద. గొలుసున్న పిల్ల ఎటు పోతుంది? తొండాన్ని నోట్లో దాచుకుంది. తొండం మీదా కొట్టారు. నేను బకెట్‌తో పెద్దవాడి వీపు మీద బాదాను. వాడు నన్ను నెట్టేసి మళ్లీ ఎత్తాడు. ముందుకాళ్లు మడతపడి గున్న పక్కకు కూలింది.

అంతలో మావాళ్లు సుత్తెలతో ఉరికివచ్చారు. పెద్దవాడిని గోడకేసి కొడితే పళ్లు రాలాయి. చిన్నవాడి గొంతు మీద మోకాలు పెట్టారు. నేను లేచి గేటుకు తాళం వేశాను.

"ఆగున్రి! వీళ్లను చంపుడు తర్వాత. ముందుగాల దాన్ని లేపాలె. గట్లనే పంటే సస్తది."

పక్కకు పడ్డ ఏనుగుకు తన బరువుకే ఊపిరాడదని సర్కసు మావటి నాకు చెప్పి ఉన్నాడు. గున్న డొక్క అప్పటికే ఎగిరెగిరి పడుతోంది.

"బావకి రక్తం పోతోందండీ! ఆస్పత్రికి తీసుకెళ్లాలి, గేటు తియ్యండి!" చిన్నవాడు ఏడ్చాడు.

"కొంగు చింపి కడుత, సావడు. గున్న లేచినంకనే తీస్త. పట్టు తాడు!"

రొమ్ము కింద నుంచి మోకులు దూర్చారు. మోకులు పట్టింది మావాళ్లు, వాళ్ల మధ్యనే నెత్తురు ఉమ్ముకుంటూ ఆ ఇద్దరు బావమరదులు. లాగితే సగం లేచి మళ్లీ పడింది. గడ్డపార దెబ్బ తిన్న మోకాలు ఆనడం లేదు. "ఇగ కాదవ్వా, వదిలెయ్," అన్నాడు మావాళ్లలో ఒకడు. నేను పోయి దాని తలను భుజంతో ఎత్తిపట్టాను.

"గుంజుర్రి!"

లేచింది. లేస్తూనే ఎదురుగా ఉన్న మనిషిని తలతో కుమ్మింది. ఎదురుగా ఉన్నది నేను. రాతి మీద పడ్డాను. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది.

పడ్డచోటి నుంచే దాని కాళ్ల వంక చూశాను. నాలుగూ వణుకుతున్నాయి. నాలుగూ నేల మీదే ఉన్నాయి.

"గేటు తియ్యిర్రి," అన్నాను. "పోనియ్యిర్రి వాళ్లను."