ఆకు నమిలాక అడిగిన మాట

మా బావ కురుమూర్తికి చేతులు ఒక పనిలో ఉంటే చెవులు ఇంకో పనిలో ఉంటాయి. గద్వాలలో మా వీధివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే పక్కన రేడియో మోగాల్సిందే. పాటలొస్తే నేత సాగుతుంది, వార్తలొస్తే మాత్రం పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగిపోతుంది. "వార్తలు నీకు బువ్వ పెడ్తయా?" అని మా అక్క కాంతమ్మ వంటింట్లోంచి అరుస్తుంది. ఆయనకు వినబడదు.

నేను ఆ ఇంట్లో నేతకు నూలు కండెలు చుడతాను. అది చాలదన్నట్టు పేపరు చదివి వినిపించే పని కూడా నాకే తగిలించాడు. చదవడం ఆయనకూ వచ్చు. చేతులు ఖాళీ లేవంటాడు. "చేతులు ఖాళీ లేవా, బద్ధకానికి ఖాళీ లేదా బావా?" అంటే, "సరోజా, నీ నోరు ఊళ్లె ఎవరికీ లేదే" అని నవ్వుతాడు.

అర్థం కాని విషయం ఒకటి దొరికిందంటే ఆ మనిషికి అన్నం సయించదు. జూరాల గేట్లెత్తితే మన నీళ్లు ఎక్కడిదాకా పోయి ఉప్పగా మారతాయని ఒకసారి కనిపించిన వాళ్లందర్నీ అడిగాడు. మంగలి షాపువాడు ఈయన్ను చూసి గడ్డానికి సబ్బు గబగబా పూసేవాడు, ఈయన నోరు తెరవకుండా.

రెండువేల మూడు ఎండాకాలంలో ఆయన్ను పట్టుకున్నది ఒక విమానం. ఇజ్రాయెల్ దగ్గర మన దేశం కొనాలనుకుంటున్న విమానమట. పైన ఎగురుతూ వందల కిలోమీటర్ల దూరంలో శత్రువు విమానాలు ఎక్కడున్నాయో చూస్తుందట. దాన్ని మనకు అమ్మడానికి అమెరికా అభ్యంతరం లేదన్నదని పేపర్లో పడింది. నేను చదవగానే నాడె ఆగింది.

"చేసేటోడు ఇజ్రాయెలోడు. కొనేది మనం. నడుమ అమెరికోడు ఎందుకొచ్చిండు?"

"వాళ్లిద్దరూ దోస్తులట బావా. ఇసొంటి సామాను ఇంకొకరికి అమ్మేముందు మాట్లాడుకుంటరట. మూడేండ్ల కింద చైనాకు అమ్ముతనని ఒప్పుకొని, అమెరికా వద్దంటే ఇజ్రాయెలోడు ఎన్కకు తగ్గిండట."

"మరి చైనాకు మాట ఇయ్యకముందే అడిగిండా, ఇచ్చినంక అడిగిండా?"

పేపర్లో అది లేదు. "పేపరోళ్లు అసలు సంగతి రాయనే రాయరు" అని విసుక్కున్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని టీ హోటల్‌కు పోయాడు, హైస్కూలు సారును బజార్లో ఆపాడు, బస్సు కండక్టరునూ వదల్లేదు. విమానం రష్యాదీ, దానిమీద దూరం చూసే కన్ను ఇజ్రాయెల్‌దీ అని సారు చెప్తే మహా సంబరపడ్డాడు. "అయితే అది మన చీర లెక్కనే! ఒళ్లు నూలు, అంచు పట్టు!" వీధిలో ఆయనకు కన్ను విమానం కురుమూర్తి అని పేరు పడిపోయింది.

అసలు విచిత్రం ఏమిటంటే, అలాంటి ఒప్పందమే ఆయన మగ్గం మీద ఉంది.

ఎల్లన్న అని, మా పక్క సందులో ఉంటాడు. వాళ్లిద్దరూ కలిసి ఒక నెమలి అంచు తయారు చేశారు. బొమ్మ గీసి, మగ్గం మీద ఆ బొమ్మను పోగుల్లోకి దింపే అట్టలకు బెజ్జాలు కొట్టింది ఎల్లన్న. పట్టు అంచు నూలుకు కలిసేచోట ముడత రాకుండా మగ్గాన్ని సరిచేసింది మా బావ. ఆ అంచు ఈ రెండిళ్లలోనే నేస్తారు. ఒకర్నొకరు అడగకుండా మూడో ఇంటికి ఇవ్వకూడదని మాట. కాగితం లేదు, సాక్షి లేడు. మా మగ్గాల ఇళ్లలో మాటంటే మాటే.

ఆ ఏడు కురుమూర్తి స్వామి జాతరకు పోయి, అమరచింతలో వనజ ఇంట్లో దిగాం. వనజ మా బావ ఒక్కగానొక్క బిడ్డ. వాళ్లవీ మగ్గాలే, కానీ వాళ్లు నేసే పాత అంచులు అడిగేవాళ్లు లేక సగం మగ్గాలు దుమ్ము కొట్టుకుంటున్నాయి. భోజనాలయ్యాక వనజ మామగారు గోపాలయ్య మా బావ పక్కన చేరాడు.

"బావా, ఆ నెమలి అంచు మా మగ్గాలకు గూడ ఇయ్యరాదు? పిల్ల గిట్ల ఖాళీగ కూసుంటే నాకే మంచిగ లేదు."

సరిగ్గా అప్పుడే రేడియోలో ఆ విమానాల వార్త మొదలైంది. "ఊఁ" అన్నాడు మా బావ. ఆ ఊఁ ఎవరికన్నాడో దేవుడికెరుక. గోపాలయ్య ముఖం వెలిగిపోయింది. లోపలికి పోయి ఆకూవక్క తెచ్చాడు, దానికి పట్టుపోగు చుట్టి. మా నేతవాళ్లలో ఉత్త ఆకు ఇస్తే భోజనం అయిందని అర్థం. పోగు చుట్టిన ఆకు తీసుకుంటే మాట ఇచ్చినట్టు. మా బావ చెవి రేడియోకు అప్పగించి, చెయ్యి చాపి అందుకుని, పోగుతో సహా నోట్లో పెట్టుకున్నాడు. పోగు పళ్లకు తగిలాక గానీ తెలివి రాలేదు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన కళ్లు నన్ను చూసిన తీరుకు నవ్వొచ్చింది, మరుక్షణమే ఎల్లన్న గుర్తొచ్చాడు. గుమ్మంలో వనజ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఆనందంతో.

గద్వాల చేరీ చేరగానే మా బావ ఎల్లన్న ఇంటికి పోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, "ఇద్దమా ఎల్లన్నా?" అన్నాడు.

గీస్తున్న బొమ్మ మీద నుంచి ఎల్లన్న తలెత్తాడు. "ఆకు నమిలినంక అడుగుతున్నవా? గిది అడుగుడు కాదురా, చెప్పుడు. ముందే అడిగుంటే మన వనజ మగ్గం నేనే కట్టిస్తుంటి."

ఆ రోజు నుంచి ఎల్లన్న మా గడప తొక్కలేదు. నాకు ఎల్లన్న మీద ఒళ్లు మండింది. అంచు పోయేది ఎక్కడికి, మన పిల్ల దగ్గరికే కదా! అక్క కూడా అదే అంది. "అట్టలు ఇచ్చెయ్యి, ఆయన కోపం అదే దిగుతది." మా బావ రేడియో పెట్టడం మానేశాడు. అట్టలిస్తే ఎల్లన్న పోతాడు. ఇవ్వకపోతే బిడ్డ పోతుంది. వియ్యాలవారికి ఆకు తిరిగిచ్చిన తండ్రి గురించి ఎవరేమనుకుంటారో మాకు తెలుసు.

చివరికి నన్ను తోడు తీసుకుని, అమరచింత పోవడానికి ఆత్మకూరు బస్సెక్కాడు. నమిలిన ఆకు తిరిగి రాదు కాబట్టి కొత్త ఆకులకు తనే పట్టుపోగు చుట్టాడు. అమరచింతలో గోపాలయ్య ముందు పెట్టి, "బావా, నాది కాని మాట ఇచ్చిన. తప్పు నాదే. జర మన్నించు" అన్నాడు. గోపాలయ్య ఆ ఆకు తీసుకుని లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది.

వనజ మా వెనకే వాకిట్లోకి వచ్చింది. "నాయనా, ఈ ఇంట్ల నేను మొఖం ఎట్ల ఎత్తాలె? ఆ ఎల్లన్న పెదనాయన నీకు నాకన్న ఎక్కువైండా? ఇంక నాతోని మాట్లాడకు."

జూరాల ఆనకట్ట మీద బస్సు పోతుంటే మా బావ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. జాలేసింది, కోపమూ వచ్చింది. ఏం పట్టుదల ఇది అనుకున్నాను.

దిగగానే ఇంటికి రాకుండా ఎల్లన్న దగ్గరికి పోయాడు. "ఆకు తిరిగిచ్చి వచ్చిన. ఇప్పుడు అడుగుతున్న."

"నేను వద్దంటే?"

"వద్దనే."

"ఆలోచిస్త పో" అన్నాడు ఎల్లన్న. నాకైతే అతని పళ్లు రాలగొట్టాలనిపించింది.

కొన్నాళ్లకు ఎల్లన్న ఇంటికి తాళం కనబడింది. ఎక్కడికి పోయాడో పెళ్లాం కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక తెలిసింది, అట్టలు భుజాన వేసుకుని అమరచింత పోయాడని. వనజ మగ్గానికి తన చేతులతో కట్టి, మొదటి నెమలి తల బయటపడే దాకా అక్కడే కూర్చున్నాడట. ఒకటే షరతు పెట్టాడట: ఇంకెవరికైనా ఇవ్వాలంటే తననూ మా బావనూ ఇద్దర్నీ అడగాలి, మాట ఇవ్వకముందే.

"నన్ను పిలిస్తే నేనూ వస్తుంటి గద!" అన్నాడు మా బావ, కళ్లు తుడుచుకుంటూ.

"నిన్ను తోలుకపోతే తోవల ఎవడన్న ఆకిస్తే నములుతవ్."

మళ్లీ రేడియో మోగింది. కానీ వనజ మాట్లాడలేదు. కబురు పంపితే జవాబు లేదు. అక్క పోయి చూసి వచ్చింది, మగ్గాలు బాగా ఆడుతున్నాయని చెప్పింది, అల్లుడు బాగున్నాడని చెప్పింది. నాయన్ను అడిగిందా అని మా బావ అడిగితే మాత్రం నీళ్లు నమిలింది.

తర్వాతి మార్చిలో విమానాల ఒప్పందం మీద సంతకాలయ్యాయని నేను చదివాను. మామూలుగా అయితే పది ప్రశ్నలు వేసేవాడు. ఆ రోజు "అందరు ముందే మాట్లాడుకున్నరన్నట్టు" అని నాడె విసిరాడు. నాకు బాధేసింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వనజ బస్సు దిగి నేరుగా మగ్గం ముందుకొచ్చి నిలబడింది. మా బావ గుంతలోంచి లేవబోయి రెండు పోగులు తెంపుకున్నాడు.

"ఆత్మకూరుల ఒకాయన మన అంచు అడుగుతుండు. ఆకు తెచ్చిండు గని నేను ముట్టలే. ఎల్లన్న పెదనాయన్ను అడిగొస్త" అని చెప్పులు విప్పకుండానే పక్క సందులోకి పోయింది. మా బావ తెగిన పోగులు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతికించే మనిషి అతికించడం మర్చిపోయాడు. రేడియోలో ఎవరో ఏదో చెప్తున్నారు.

కాసేపటికి వచ్చి మగ్గం కర్రను ఆనుకుని నిలబడింది.

"పెదనాయన సరే అన్నడు. నువ్వేమంటవ్ నాయనా?"

ఊళ్లో అందర్నీ అడిగే మనిషిని ఇప్పుడు బిడ్డ అడుగుతోంది. తల ఊపి, "ఊఁ" అన్నాడు.

"గా ఊఁ నాకొద్దు" అంది వనజ. "నోటితోని చెప్పు."

మా బావ చెయ్యి చాపి రేడియో ఆపాడు. "ఇయ్యి బిడ్డా" అన్నాడు.