తుప్పు పార మీద తెల్లటి మనిషి

ఓ పెద్దాయన జ్ఞాపకార్థ కూడికలో, పాస్టరు గారి ఎదురుగా, ఊరందరి ముందు నా పరువు ఎలా గంగలో కలవబోయిందో చెబుతాను. ముందే ఒక మాట. నాకు అనుమానం ఎక్కువ. పాలబ్బాయి నవ్వుతూ పాలు పోస్తే, ఆ రోజు పాలలో నీళ్లెన్ని అని చూస్తాను. మీరిది ఎందుకు చదువుతున్నారా అని కూడా కాస్త అనుమానంగానే ఉంది.

భవానీపురంలో మాకు చిన్న కొట్టుంది. పెళ్లిళ్లకి ఇచ్చే స్టీలు బిందెల మీద పేర్లు కొట్టడం మా మామగారి నాటి నుంచీ మా పని. ఇప్పుడు సుత్తి పోయి లేజరు మెషీను వచ్చింది. అది కొన్న కొత్తలో, హనుమాన్ జంక్షన్ అవతల పల్లె నుంచి యేసురత్నం గారని ఒకాయన గోనెసంచిలో ఏదో చుట్టి తెచ్చారు. విప్పితే పార. కర్ర ఊడిపోయి, ఎర్రగా తుప్పు పట్టిన పార.

"దీని మీద మా నాన్న బొమ్మ వెయ్యాలండీ. తుప్పు మాత్రం గీకొద్దు," అన్నారు.

తుప్పు వదిలించమనేవాళ్లని చూశాను గానీ ఉంచమనేవాళ్లని చూళ్లేదు. ఏ రాజుల కాలం నాటి వస్తువో అని ఎవరికో అంటగట్టేస్తారనుకున్నాను. పార అంచు మీద మరక చూశాక అంతకన్నా ఘోరమైనవి కూడా అనుకున్నాను. ఈ పారతో ఏం చేసేవారండీ అని, మామూలుగా అడిగినట్టు అడిగాను.

ఆయన ఏదీ దాచలేదు. వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ ఆ పార పట్టుకుని పై చేను సుబ్బారావు గారితో గట్టు మీద తగువాడారట. బోదె నీళ్లు సుబ్బారావు గారు వదిలితేనే కింద వీళ్ల చేలోకి వస్తాయి. ఆయన వదలరు. పెద్దాయన పోయినా తగువు పోలేదు, ఈసారి నారుమడి ఎండిపోతోంది. కూడికకి సుబ్బారావు గారినీ పిలిచారట, పెద్దాయన బొమ్మ చూస్తే మనసు కరుగుతుందేమోనని.

"అమ్మకి కూడా నాన్నని చూసినట్టుంటదండీ. ఉన్నది ఈ ఒక్క ఫొటోనే."

ఫొటోలో నల్లటి మనిషి. జుట్టు తెలుపు, మీసం తెలుపు, చొక్కా తెలుపు. ఎండకి కళ్లు చికిలించారు. నల్ల ఫ్రేము కళ్లద్దాలు.

తుప్పు మీద నేనెప్పుడూ బొమ్మ వెయ్యలేదు. వన్ టౌన్‌లో ఇదే వ్యాపారం చేసే మా మరిదికి ఫోను చేశాను. "వదినా, లేజరు పడినచోట తుప్పు కాలిపోయి కింద ఇనుము మెరుస్తుంది. నలుపు రావాల్సిన చోట తెలుపొస్తుంది. అందుకని ఫొటోని ముందే నెగటివ్ చేసుకుని కొట్టండి," అన్నాడు.

ఇదే వ్యాపారంలో ఉన్నవాడు ఇంత వివరంగా, ఇంత మర్యాదగా, ఉత్తపుణ్యానికి చెబుతాడా? నా బేరం చెడగొట్టడానికే చెప్పాడని తేల్చుకున్నాను. అలాగేలేవయ్యా అని ఫోను పెట్టేసి, ఫొటోని ఉన్నదున్నట్టు కొట్టేశాను.

తుడిచి చూస్తే పెద్దాయన పడుచువాడైపోయారు! పచ్చటి మొహం, నల్లటి జుట్టు, నల్లటి మీసం, తళతళలాడే కళ్లద్దాలు. తేడా నాకూ కనిపించింది. ఖరీదైన మెషీను కదా, బ్యూటీ పార్లరు పని కూడా చేస్తుందేమో అని మురిసిపోయాను. నా పనితనం ఎవరూ ఫొటో తీసి కాపీ కొట్టకుండా గుడ్డ చుట్టి, టేపు వేసి, ఆవిష్కరణ దాకా విప్పొద్దని యేసురత్నం గారికి గట్టిగా చెప్పాను.

అసలు కూడిక ఉందో లేదో చూద్దామని ఆ రోజు నేనూ బస్సెక్కాను. ఉంది. షామియానా కింద ఊరంతా ఉంది. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు గుడ్డ తీశారు. నా పక్కన కూర్చున్న యేసురత్నం గారి అమ్మగారు కళ్లు చిట్లించి చూసి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"ఇది మా ఆయన కాదు. పై చేను సుబ్బారావు."

తల తిప్పి చూశాను. ముందు వరసలో పచ్చటి మనిషి, రంగేసిన జుట్టూ మీసం, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. తిరుగు బస్సు ఎన్నింటికి ఉందా అని లెక్కేసుకున్నాను.

సుబ్బారావు గారు లేచి పార దగ్గరికి వెళ్లారు. చాలాసేపు చూసి కళ్లద్దాలు తీసేశారు.

"ఏ పార నా మీదకెత్తాడో దాని మీదే నా మొహం వెయ్యమని పోయాడా. నేను ఆయనకి ఒక్క మడికి సరిపడా నీళ్లు కూడా వదల్లేదు," అని ఏడ్చేశారు. అక్కడికక్కడే కొడుకుని పిలిచి బోదె తెరవమన్నారు.

యేసురత్నం గారు నిజం చెప్పబోయారు. అమ్మగారు ఆయన చెయ్యి గిల్లారు. తర్వాత నా వైపు తిరిగి, "నారుమడి బతికింది, నోరు మూసుకో. మరి మా ఆయన మొహం నాకెప్పుడు చూపిస్తావు?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు ఏడుపే వచ్చింది.

వారం తిరక్కుండా సుబ్బారావు గారు కొట్టుకి వచ్చారు. చేతిలో ఆయన సొంత పార, తుప్పుతో సహా. యేసురత్నం గారిని అడిగి ఆ ఫొటో కూడా తెచ్చారు. పెద్దాయన బొమ్మ దీని మీద వెయ్యమ్మా, మా హాల్లో పెట్టుకుంటానన్నారు. ఈసారి నెగటివ్ చేసి కొట్టాను. పెద్దాయన తెల్ల మీసంతో, అచ్చం ఫొటోలోలాగే దిగారు.

మొన్న అమ్మగారు ఫోను చేశారు. "పొద్దున్న లేస్తే సుబ్బారావు మొహం చూడాల్సొస్తంది. పచ్చిమిరపకాయలు ఇచ్చే వంకన రోజూ వాళ్లింటికెళ్లి మా ఆయన్ని చూసొస్తన్నా."

ఆ ఊరి పేరు అడక్కండి. అయినా మీకెందుకు?

రెండో పార మీద పెద్దాయన సరిగ్గా దిగిన రోజే మెషీను మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను, మంచి మాట చెప్పినవాళ్లని ఇక జన్మలో అనుమానించనని. ఆ సంగతి చెబితే మా మరిది చాలా సంతోషించాడు. మరీ అంత సంతోషం ఎందుకో కనుక్కోవాలి.