అమ్మ కట్టిన రాగిముద్ద

కార్బాలిక్ సబ్బు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ సిగ్గుతో నా తల వాలిపోతుంది. కోలారు ల్యాబులో రోజూ ఆ సబ్బుతోనే చేతులు కడుక్కుంటాను. నాకీ పరీక్షల పని నేర్పింది స్టెల్లా మేడం. బంగారు గనులు మూతపడ్డాక కె.జి.ఎఫ్.లో మిగిలిన ఓ చిన్న ఆసుపత్రిలో ఆమె పరీక్షలు చేసేవారు. మా నాన్నలాగే వాళ్ల నాన్న కూడా గని మనిషే.

పదో తరగతిలో నేను బడిలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాను. స్కానులో మెదడులో చిన్న తిత్తి కనిపించింది. మేడం రక్తం పరీక్షించి, అది టేప్‌వార్మ్, అంటే పందిమాంసంలో ఉండే బద్దెపురుగు పిల్లేనన్నారు. అమ్మ మండిపడింది.

"మేము పందిమాంసం వాసన గూడా చూడమమ్మా! యాడనుంచి వచ్చింది ఇది?"

"తలకెక్కేది మాంసంతో కాదమ్మా, పురుగు గుడ్డుతో. ఇంట్లో ఎవరైనా తెలిసో తెలియకో బయట ఆ మాంసం తిని కడుపులో పురుగుంటే, చేయి సరిగ్గా కడగకపోతే దాని గుడ్లు అన్నంలోకి వస్తాయి. అందరూ మలం డబ్బాలో తెచ్చియ్యండి."

మర్నాడు మా ఇంటి పరువంతా డబ్బాలకెక్కింది. నాన్న సిగ్గుతో ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడిపోయాడు. మేడం డబ్బాలు అందుకుని, పక్కనే తనదీ ఒకటి పెట్టారు. "నాదీ చూస్తా. ఇంగ సిగ్గెందుకు?" అన్నారు. పరీక్షయ్యాక మాత్రం ఒక్కటే మాట: "ఒకరిలో దొరికింది. ఎవరని అడగొద్దండి, ఆ మనిషి ఇంట్లో తలెత్తలేరు. మాత్రలు అందరికీ ఇస్తారు."

అది మేడం దయ. కానీ మా ఇంట్లో వండేది అమ్మ ఒక్కతే, అనుమానం ఆమె మీదికే పోయింది. అంతవరకు వేడి రాగిముద్ద చేత్తో కట్టి, తుంచి, పులుసులో ముంచి నా నోట్లో పెట్టేది. ఆ రోజునుంచి ముద్ద కట్టడమే మానేసింది, గరిటెతో పళ్లెంలో వేసేది. ఆసుపత్రిలో ఇచ్చిన కార్బాలిక్ సబ్బుతో పగిలేదాకా చేతులు కడిగేది. మేమెవరం ఆమెను ఒక్క మాట అనలేదు. "నువ్వు కాదులే" అని కూడా అనలేదు.

కొన్నేళ్లకు నేను మేడం దగ్గర పనికి చేరి, ఓసారి మాటల్లో అమ్మ ముద్ద కట్టడం మానేసిన సంగతి చెప్పాను. ఆమె చేతిలోని స్లైడు పక్కన పెట్టేశారు.

"మీ అమ్మది కాదు పాపా! ఎవరిదో ఇప్పుడూ చెప్పను. ఆమెది కాదని మాత్రం అప్పుడే చెప్పుండాల. నోరు మూసుకోవడమే గొప్ప అనుకున్నాను. నాకు సిగ్గుగా ఉండాది."

ఆ సాయంత్రమే మేడం మా ఇంటికొచ్చి, అమ్మ చేతులు పట్టుకుని చెప్పారు. అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ముద్ద కట్టింది. తుంచి నా నోటిదాకా తెచ్చింది. అక్కడే చేయి ఆగిపోయింది.

"నువ్వే తిను పాపా. నాకు చేయి రావడం లేదు."

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే, ఆ ఇంట్లో వండే ఆమెను ముందు పక్కకు పిలుస్తాను. ఆమెది కాకపోతే, "నీ చేతిలో ఏమీ లేదమ్మా" అని ఆమెకే మొదట చెబుతాను. ఆమెదే అయిన రోజు ఏమనాలో మేడం నాకు నేర్పలేదు. ఆ రోజు ఆ ఇల్లాలి రెండు చేతులూ పట్టుకుని కూర్చుంటాను.